వైద్య విద్యార్థికి తొలి ఎంపికే కీలకం

న్యూఢిల్లీ: విదేశాల్లో వైద్యవిద్య అభ్యసించగోరే విద్యార్థులు ‘ముందు చేరదాం, నచ్చకుంటే మారదాం’ అనుకునే వీలు లేదు. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో జారీ చేసిన నిబంధనల ప్రకారం, కనీసం 54 నెలల కోర్సును ఆసాంతం ఒకే విద్యాసంస్థలో, ఆంగ్ల మాధ్యమంలో పూర్తి చేయాలి. 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అక్కడే చేయాలి.

కళాశాల మారడం ఎంత కష్టమో 2022లో యుద్ధం కారణంగా ఉక్రెయిన్ నుంచి తిరిగివచ్చిన వేలాది భారతీయ విద్యార్థులకు అనుభవమైంది. వారు ఇతర దేశాల్లో చదువు కొనసాగించేందుకు ఆ ఏడాది సెప్టెంబరులో కమిషన్ అనుమతించినా, పట్టా మాత్రం ఉక్రెయిన్‌లోని మాతృసంస్థే ప్రదానం చేస్తుందని పేర్కొంది. స్వదేశీ కళాశాలల్లో చేర్చుకునేందుకు చట్టం అనుమతించదని కేంద్రం సుప్రీంకోర్టుకు నివేదించింది.

కాబట్టి ఫీజుల సంగతి విచారించే ముందే, సదరు పట్టాతో ఆ దేశంలో వైద్యవృత్తి చేపట్టే అర్హత లభిస్తుందో లేదో తల్లిదండ్రులు నిర్ధారించుకోవడం అవసరం. ఆ అర్హత లేని పట్టా ఇక్కడ కూడా చెల్లదు.