అటక మీది చందమామలు



పండుగ దగ్గర పడుతోందంటే అటక మీది సామానంతా దింపి దులపడం మనందరి ఇళ్ళల్లో మామూలే కదండీ. ఇత్తడి బిందెలు ఒక పక్క, పాత పుస్తకాలు ఒక పక్క. వీధిలో పాతపేపర్లవాడి కేక వినిపించగానే ఆ పుస్తకాల కట్ట కాస్తా తూకానికి వెళ్ళిపోతుంది. అలా వెళ్ళే ముందు కట్ట ఒక్కసారి విప్పి చూడమని చెప్పడానికే ఈనాటి ప్రసంగం. అందులో చందమామలు ఉండవచ్చు!

చందమామ తెలియనిదెవరికి అంటారేమో. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో దాన్ని తెలుగులోనూ, తమిళంలోనూ ప్రారంభించారు. తరువాత పదికి పైగా భాషల్లో వచ్చింది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావుగారు దాన్ని తీర్చిదిద్దారు. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాలు, చిత్రాగారి బొమ్మలు, శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ గీసిన శంకర్‌గారు — ఇవన్నీ మన చిన్నతనంతో పెనవేసుకుపోయినవే. 1998లో ఆగిన పత్రిక 1999 డిసెంబరులో మళ్ళీ వచ్చింది కానీ, 2013 నాటికి పూర్తిగా నిలిచిపోయింది. శంకర్‌గారు కూడా 2020లో వెళ్ళిపోయారు.

పత్రిక ఆగితే పాఠకులు ఏం చేస్తారు? మరో పత్రిక చూసుకుంటారు. చందమామ అభిమానులు మాత్రం అలా ఊరుకోలేదు. ఎవరి దగ్గర ఏ సంవత్సరం సంచికలున్నాయో ఒకరినొకరు వాకబు చేసుకున్నారు. ఒకరి పుస్తకంలో చిరిగిపోయిన పేజీ మరొకరి ఇంట్లో దొరికింది. అట్ట లేనివారికి అట్ట ఉన్నవారు నకలు తీసి ఇచ్చారు. ఉద్యోగాల కోసం దూరదేశాలు వెళ్ళినవారు కూడా ఈ పనిలో చెయ్యి కలిపారు.

దీనివల్ల ఒరిగిందేమిటంటారా? ఒక్క సంగతి చెబుతాను. 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు' — నెల నెలా ఈ సీరియళ్ళ కోసం ఎదురుచూశాం. రాసిందెవరో మనకు తెలుసునా? ఆ సీరియళ్ళకు రచయిత పేరు వేసేవారు కాదు. రాసినాయన దాసరి సుబ్రహ్మణ్యంగారు. చందమామ ఆఫీసులో యాభై ఏళ్ళకు పైగా పనిచేసిన మనిషి. అభిమానులు ఒకరినొకరు అడిగి, తెలిసినవారు చెప్పి, ఆయన పేరు నలుగురి నోళ్ళలోనూ పడేట్టు చేశారు. ఆయన 2010 జనవరిలో పోయారు. ఆ సీరియళ్ళు ఆ తర్వాత ఆయన పేరుతోనే పుస్తకాలుగా వచ్చాయి. పాత సంచికలు ఎవరూ దాచి ఉండకపోతే ఆ పుస్తకాలు ఎక్కణ్ణుంచి వచ్చేవి చెప్పండి?

"పిల్లల పత్రికే కదా" అని దాన్ని చాలామంది పదిలపరచలేదు. దాచింది ఎక్కువగా ఇళ్ళల్లోనే. ఇళ్ళల్లో దాచింది ఎవరు? అమ్మలూ, అమ్మమ్మలూ! కాబట్టి ఈ బాధ్యత ఇప్పుడూ మనదేనండీ.

మరి ఎలా దాచాలి? ఆ రోజుల కాగితంలో పులుపు గుణం ఉంటుంది. అందుకే రంగు మారి, పెళుసెక్కి, ముట్టుకుంటే పొడి రాలుతుంది. ఎండ తగిలితే ఇంకా త్వరగా పాడవుతుంది. మాగాయ ముక్కల్లాగా పుస్తకాలను ఎండబెట్టకండి. నీడలో గాలి తగలనిస్తే చాలు. మెత్తని పొడి గుడ్డతో దుమ్ము తుడవండి. తుప్పు పట్టిన పిన్నులు నెమ్మదిగా తీసేసి దారంతో కుట్టండి. చిరుగులకు సెల్లోటేపు అసలు వద్దు. కొన్నాళ్ళకు దాని జిగురు పసుపుపచ్చని మరక చేస్తుంది. పల్చని కాగితం ముక్క, కొంచెం మైదా జిగురు చాలు; పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే చెమ్మ చేరి బూజు పడుతుంది. పాత నూలు పంచెలో చుట్టి, నేలకీ గోడకీ తగలకుండా పెట్టెలో ఉంచండి. చెదలు వచ్చాయేమో నెలకోసారి చూస్తూండండి.

బైండు చేయిస్తున్నారా? అట్టలు, ప్రకటనలు తీసేయవద్దనీ, అంచులు కోయవద్దనీ ముందే గట్టిగా చెప్పండి. ఏ నెల సంచికో అట్ట మీద తెలుస్తుంది. అట్ట లేకపోతే సీరియల్ ఎన్నో భాగమో చూసి, మరొకరి సంచికతో పోల్చి పోల్చుకోవచ్చు.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి కదా. పగటి వెలుతురులో, ఫ్లాష్ వెయ్యకుండా, మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా వరసగా ఫోటోలు తీసి, సంవత్సరం, నెల రాసి దాచండి. అసలు ప్రతి నలిగిపోకుండా పిల్లలకు వాటినే చూపించవచ్చు. అయితే, అచ్చువేసి అమ్ముకునే హక్కు మాత్రం మనకు లేదు సుమండీ.

దాచినదాన్ని పెట్టెలోనే ఉంచితే మాత్రం లాభమేముంది? మన మనవలు తెలుగు మాట్లాడతారు, చదవమంటే దిక్కులు చూస్తారు. రాత్రి అన్నాలయ్యాక ఒక్క బేతాళ కథ పైకి చదవండి. బేతాళుడు ప్రశ్న వేసిన చోట పుస్తకం మూసేయండి. జవాబు పిల్లల్ని చెప్పమనండి. తప్పయినా సరే, నవ్వకండి. ఆ కథలో విక్రమార్కుడు ఏమన్నాడో వాళ్ళనే చదివి చెప్పమనండి. కూడబలుక్కుంటూ అయినా చదువుతారు. చందమామలో మాటలు తేలిక, వాక్యాలు పొట్టి. పెద్ద బాలశిక్ష అంటే పారిపోయే పిల్లవాడు కూడా దీనికి పారిపోడు.

ఈసారి పాతపేపర్లవాడు కేకేస్తే వార్తాపత్రికలే వెయ్యండి. మీకు అక్కర్లేదనుకున్న చందమామలు ఉంటే, దాచుకునేవారెవరో నలుగుర్ని అడిగి వాళ్ళకివ్వండి. కిలోకి వచ్చే నాలుగు రూకలకన్నా అదే మంచి బేరం.