ఒడ్డున సంచులెవరు చూసుకోవాలి?

1964. కెన్యాలోని మొంబాసా రేవు. ఆంటన్ బ్రూన్ అనే పరిశోధక నౌక బయల్దేరబోతోంది. ఒకప్పుడు అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ షికారుకు వాడుకున్న ఓడే అది. రూపు మార్చి, ప్రయోగశాలలు అమర్చి హిందూ మహాసముద్రాన్ని శోధించే అంతర్జాతీయ యాత్రకు పంపారు. శాస్త్రవేత్తల బృందంలో సిల్వియా ఎర్ల్ ఉంది. ముప్పై నిండని వయసు, ఇంటి దగ్గర ఇద్దరు చిన్నపిల్లలు. సముద్రపు నాచు ఆమె చదువు. అప్పటికే పదేళ్లుగా వీపుకు సిలిండర్ కట్టుకుని నీళ్లలోకి దిగుతోంది. ఆ ఊరి పత్రిక ఆమె మీద వార్త రాసింది. శీర్షికలో నాచు ఊసు లేదు, సముద్రం ఊసు అంతకన్నా లేదు. డెబ్బై మంది మగవాళ్లతో కలిసి ఓడెక్కుతోందట, అయినా ఇబ్బందేమీ రాదనుకుంటోందట!

ఆ యాత్రలో మన దేశం కూడా పాలుపంచుకుంది. దాని ఊపులోనే 1966లో, ఇప్పుడు గోవా కేంద్రంగా ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పుట్టింది. దాని ప్రాంతీయ కేంద్రం మన విశాఖలోనే ఉంది.

ఆడమనిషి మగవాళ్లతో కలిసి వెళ్లడమన్నది, పత్రికలకు నవ్వొచ్చిన ఆ సంగతే, తర్వాత అధికారులకు తలనొప్పి అయ్యింది. కరీబియన్ సముద్రంలోని సెయింట్ జాన్ దీవి పక్కన, యాభై అడుగుల లోతులో ఓ ఇల్లు కట్టారు. పేరు టెక్టైట్. నిలువుగా నిలబెట్టిన రెండు పెద్ద ఉక్కు గొట్టాలు, మధ్యలో పాక్కుంటూ వెళ్లేటంత సొరంగం. 1969లో నలుగురు మగ శాస్త్రవేత్తలు అందులో దాదాపు అరవై రోజులున్నారు. ఇరుకు గదిలో రోజుల తరబడి మూసేస్తే మనుషులు ఎలా ప్రవర్తిస్తారో తెలుసుకోవాలని నాసాకు ఆసక్తి. అందుకని లోపలున్నవాళ్లను కెమెరాలు కనిపెడుతూ ఉండేవి. రెండో విడతకు దరఖాస్తులు పిలిచినప్పుడు సిల్వియా కూడా పంపింది. నీటి అడుగున వెయ్యి గంటలకు పైగా గడిపిన మనిషి! కాదనడానికి అర్హతలో లోపం దొరకలేదు. కానీ ఆడా మగా ఒకే కప్పు కింద పడుకోవడమా? చివరికి దారి దొరికింది, ఆడవాళ్లంతా విడిగా ఓ జట్టు.

అలా 1970 జులైలో ఐదుగురు దిగారు. సిల్వియా ఎర్ల్ నాయకురాలు. రెనేట్ ట్రూ, ఆన్ హార్ట్‌లైన్, అలీనా స్మాంట్ శాస్త్రవేత్తలు. పెగ్గీ లూకస్ ఇంజినీరు, ఇంటి యంత్రాల బాధ్యత ఆమెది. రెండు వారాలున్నారు. అంతసేపు కింద ఉండటంలోని కిటుకు చెప్పుకోవాలి. లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరిగి, మనం పీల్చే గాలిలోని నత్రజని ఒంట్లోకి ఇంకుతుంది. గబుక్కున పైకొస్తే అది బుడగలై కీళ్లను, నరాలను పట్టుకుంటుంది. అందుకే మామూలు డైవర్ ఆ లోతులో గంటో గంటన్నరో ఉండి వచ్చేస్తాడు. అక్కడే కాపురం పెడితే మాత్రం ఒళ్లు పట్టగలిగినంత నత్రజని పట్టేశాక ఇక పెరగదు. ఒక రోజున్నా, పది రోజులున్నా చివర్లో ఒక్కసారే, దాదాపు ఇరవై గంటలు నెమ్మదిగా ఒత్తిడి తగ్గించుకుంటూ బయటికొస్తే చాలు. ఈ వెసులుబాటుతో సిల్వియా రోజులో ఎక్కువ భాగం బయటే, చేపల మధ్యే గడిపింది. రోజూ ఇంటి చుట్టూ తిరిగే ఏంజెల్ చేపలను ఏది ఏదో విడివిడిగా ఆనవాలు పట్టేటంత చనువు ఏర్పడింది. చేప అంటే ఓ జాతి పేరు కాదు, దేనికదే ఓ ప్రాణి అని తనకు తెలిసింది అక్కడేనని ఆమె చాలాసార్లు చెప్పింది.

పైన విలేఖరులకు కావలసింది ఇదేమీ కాదు. లిప్‌స్టిక్ తీసుకెళ్లారా, జుట్టు ఆరబెట్టుకోవడం ఎలా... ఇవీ ప్రశ్నలు. ‘ఆక్వాబెల్స్’ అంటూ ముద్దుపేర్లు కూడా పెట్టారు. షికాగోలో ఊరేగించారు, శ్వేతసౌధానికి పిలిచారు. దాదాపు రెండు నెలలుండి వచ్చిన మగ శాస్త్రవేత్తలకు లేని హడావుడి రెండు వారాల ఆడవాళ్లకు ఎందుకో ఊహించడం కష్టం కాదు. సిల్వియా మాత్రం ఆ హడావుడిని బాగా వాడుకుంది. ఎక్కడ మైకు దొరికితే అక్కడ సముద్రం గురించి మాట్లాడింది, ఇప్పటికీ మాట్లాడుతోంది. 1979లో హవాయి దగ్గర ప్రత్యేక కవచం లాంటి సూట్ వేసుకుని 381 మీటర్ల లోతున సముద్రపు నేల మీద నడిచింది. 1990లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ ‘నోవా’కు తొలి మహిళా ముఖ్య శాస్త్రవేత్త అయ్యింది.

నిజానికి సిలిండర్‌తో నీళ్లలోకి దిగే ఈ స్కూబా పుట్టిననాడే ఆడమనిషి పక్కన ఉంది. 1943లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి సిలిండర్ నుంచి గాలి అందించే ఇవాళ్టి రెగ్యులేటర్‌కు మూలరూపం తయారుచేశారు. గాన్యాన్ పనిచేసిన ఎయిర్ లిక్విడ్ కంపెనీలో కూస్తో భార్య సిమోన్ తండ్రి పెద్ద హోదాలో ఉండేవాడు. ఆ పరిచయం లేకపోతే ఇద్దరూ కలిసేవారో లేదో. కొత్త పరికరాన్ని వాడిన తొలి స్త్రీ కూడా సిమోనే అంటారు. తర్వాత భర్త యాత్రల ఓడ కాలిప్సో ఖర్చుల కోసం నగలమ్మింది, భర్తకన్నా ఎక్కువ కాలం ఆ ఓడ మీదే గడిపింది. కూస్తో సినిమాలు ప్రపంచమంతా చూసింది, వాటిలో ఆమె దాదాపు కనపడదు. నగలమ్మి నడిపించి పేరుకు దూరంగా ఉండిపోయిన ఇల్లాళ్ల కథలు మనకు కొత్తా?

కాలిఫోర్నియాలో డాటీ ఫ్రేజియర్ ఇంకో రకం. 1955లో అమెరికాలోనే తొలి మహిళా స్కూబా ఇన్‌స్ట్రక్టర్ అయ్యింది. డైవింగ్ షాపు పెట్టుకుంది, తన ఒంటికి సరిపడేవి బజార్లో దొరక్క వెట్‌సూట్లు తనే కుట్టింది. నిండా 99 ఏళ్లు బతికి 2022లో పోయింది.

ఇవాళ డైవింగ్ శిక్షణలో పెద్ద సంస్థ అయిన పాడీ లెక్కల్లో, సర్టిఫికెట్లు తీసుకునేవాళ్లలో ఆడవాళ్లు 40 శాతానికి దగ్గరగా ఉన్నారు. 2015 నుంచి ఏటా జులైలో మహిళా డైవ్ దినం కూడా జరుపుతున్నారు. నేర్పేవాళ్ల దాకా వచ్చేసరికి మాత్రం ఆ వాటా బాగా పడిపోతుంది. మనవాళ్లు చాలామంది స్కూబాను మొదటిసారి చూసింది 2011లో వచ్చిన హిందీ సినిమా ‘జిందగీ నా మిలేగీ దొబారా’లో. అందులో హృతిక్ రోషన్‌కు నేర్పేది కత్రినా కైఫ్. తెర మీద అంత మామూలుగా కనిపించిన సంగతి, మన తీరంలో ఇప్పటికీ వింతే.

విశాఖ ఋషికొండలో సెలవు రోజున కాసేపు నిలబడితే తెలుస్తుంది. కుటుంబమంతా వస్తుంది. ఆయన, పెద్దబ్బాయి వెట్‌సూట్లలోకి దూరుతుంటారు. ఆవిడ ఇసుకలో కూర్చుని చెప్పులు, ఫోన్లు, సంచులు కాపలా కాస్తుంటుంది. ‘మీరూ రండి మేడమ్’ అని అక్కడి కుర్రాళ్లు పిలుస్తారు. ‘నాకెందుకు బాబూ, ఈత రాదు’ అంటుంది. కాస్త ఆగి, ‘అంత బరువు నేనేం మోస్తాను’ అంటుంది. సిలిండర్ బరువు పదిహేను కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. నిండు బిందె చంకన పెట్టుకుని బోరింగు దగ్గర్నుంచి ఇంటికి నడిచిన చేతులకు అదేమంత బరువు? అదీ నీళ్లలోకి దిగేదాకానే, దిగాక తెలియదు.

ఒంటి సంగతి ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. ఒకే సైజు సిలిండర్ ఇస్తే సాధారణంగా ఆడవాళ్లకే గాలి ఎక్కువసేపు వస్తుంది. చిన్న ఊపిరితిత్తులు, తక్కువ ఖర్చు. పడవ మీద మొదట పైకొచ్చేది కండలు తిరిగిన కుర్రాడే కావడం డైవింగ్‌లో పాత జోకు. నెలసరి రోజుల్లో దిగితే షార్కులు వాసన పట్టి వస్తాయన్న భయానికి ఆధారం లేదు, ఆ రోజుల్లో దిగకూడదన్న నియమమూ లేదు. గర్భిణులు మాత్రం దిగకూడదు. పైకొచ్చేటప్పుడు రక్తంలో పుట్టే సన్నటి బుడగలను పెద్దవాళ్లలో ఊపిరితిత్తులు వడకట్టేస్తాయి. కడుపులోని బిడ్డ రక్తం ఊపిరితిత్తులను దాదాపు తప్పించుకుని తిరుగుతుంది కాబట్టి ఆ కాపుదల ఉండదు.

అసలు చిక్కులు వేరే, వాటిని రాసేవాళ్లు తక్కువ. మాస్క్ అంచు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీళ్లు ఊరుతూనే ఉంటాయి. నుదుటి మీది ముంగురులు పూర్తిగా వెనక్కి దువ్వాలి. కొప్పు పెడితే మాస్క్ పట్టీ నిలవదు, జడ కిందికి అల్లి వెట్‌సూట్‌లోకి తోసేయాలి. దిగేటప్పుడు చెవులు మూసుకుపోకుండా ముక్కు నొక్కి మెల్లగా గాలి ఊదాలి. ముక్కుపుడక పెద్దదైతే అక్కడ గుచ్చుకుంటుంది. మట్టెల మీద ఈదేందుకు కాళ్లకు తొడిగే ఫిన్స్ బిగిస్తే వేళ్లు ఒరుసుకుపోతాయి. అన్నీ తీసి ఎవరికిచ్చి దిగాలన్నది మరో ప్రశ్న. ఇక సిలిండర్ బిగించే జాకెట్లు, సూట్లు. చాలా చోట్ల ఉన్నవి మగవాళ్ల కొలతలవే. నడుము దగ్గర వదులై వీపు మీద సిలిండర్ అటూ ఇటూ దొర్లుతుంటే ఆమె బెదురుతుంది. బెదురు ఆమెదనుకుంటారు కానీ, తప్పు జాకెట్‌ది.

ఈత సంగతి ఇంకా వెనక్కి వెళ్తుంది. ఊళ్లలో మగపిల్లలు నడుముకు బెండ్లు కట్టుకుని దిగుడు బావుల్లో, కాలవల్లో దూకి నేర్చుకున్నారు. ఆడపిల్లలు గట్టున బట్టలు ఉతికారు. పట్నాల్లో ఈతకొలనులు వచ్చాక ‘లేడీస్ బ్యాచ్’ పెట్టారు, చాలాచోట్ల మిట్టమధ్యాహ్నం! ఉద్యోగం చేసే అమ్మాయి ఆ వేళకు ఎలా వెళ్తుంది?

నేర్పేవాళ్లున్నా లేకున్నా బతుకు కోసం దిగినవాళ్లూ ఉన్నారు. తమిళనాడు పాంబన్ దగ్గర చిన్నపాలెం ఆడవాళ్లు తరతరాలుగా నాచు ఏరుకుంటారు. చీర మీద చొక్కా, కళ్లకు చిన్న అద్దాలు, వేళ్లకు చుట్టుకున్న గుడ్డ పీలికలు. సిలిండర్ లేదు, ఊపిరి బిగబట్టి దిగడమే. మన్నార్ సింధుశాఖ దీవులను జాతీయ పార్కు చేశాక అధికారులతో తగవులొచ్చాయి. నెలకు పన్నెండు రోజులే ఏరుతామని వాళ్లే కట్టుబాటు పెట్టుకుని తమ హక్కు కోసం నిలబడ్డారు. వాళ్లలో ఒకరైన లక్ష్మీ మూర్తికి 2015లో సీకాలజీ అవార్డు వచ్చింది. దక్షిణ కొరియా జేజు దీవిలో ఇలాగే ఊపిరి బిగబట్టి దిగే హేన్యో అనే ఆడవాళ్ల సంప్రదాయాన్ని 2016లో యునెస్కో గుర్తించింది. బామ్మల వయసులోనూ దిగుతారు. సిలిండర్లు వాళ్లూ వద్దనుకున్నారు, భయంతో కాదు. ఊపిరికి అందినంతే తెస్తే సముద్రం మిగులుతుందని.

అదే మన్నార్ సింధుశాఖలో సిలిండర్‌తో దిగిన గృహిణి ఉమా మణి. దిండిగల్ ప్రాంతంలో పెరిగి, కాపురానికి మాల్దీవులు వెళ్లింది. పగడపు దిబ్బల మీద తీసిన ఒక సినిమా చూసి వాటి బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. చూడకుండా వేయడం నచ్చక 49 ఏళ్ల వయసులో ఈత నేర్చుకుని, ఆపైన డైవింగ్ నేర్చుకుంది. ఆమె మీద ప్రియా తువ్వశ్శేరి ‘కోరల్ ఉమన్’ అనే డాక్యుమెంటరీ తీసింది. రంగు పోయి తెల్లబడ్డ పగడాలను ఉమ కాన్వాసు మీదికి తెచ్చి నలుగురికీ చూపిస్తోంది.

ఇది చదివి దిగాలనిపించినవాళ్లకు నాలుగు మాటలు. ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని దింపే తొలి డైవ్‌కు ఈత రానక్కర్లేదు, 12 మీటర్లు దాటరు. సర్టిఫికెట్ కోర్సుకైతే ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి. ఎంత సేపట్లో ఈదారని ఎవరూ అడగరు. అది పట్టుకుంటే 18 మీటర్ల దాకా వెళ్లొచ్చు. ఆస్తమా, గుండె, చెవి సమస్యలుంటే ఫారంలో దాచకండి. జాకెట్ ఒడ్డునే వేసుకుని చూడండి, వదులైతే మార్చమని గట్టిగా అడగండి. డైవింగ్ కోసం అండమాన్ వెళ్లేవాళ్లకు భాష బెంగ అక్కర్లేదు, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు అక్కడ చాలామంది. ఒక్కటే జాగ్రత్త, డైవ్ చేసి వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు దిగితే 18 గంటలు ఆగాలి. కాబట్టి డైవింగ్‌ను ఆఖరి రోజుకు నెట్టేయకండి. మొదటి రెండు రోజుల్లో పెట్టుకుంటే, చెవి మొరాయించినా, సముద్రం బాగోలేకపోయినా, మర్నాడు మళ్లీ దిగడానికి వీలుంటుంది.