క్రెడిట్ కార్డు పరిమితి తగ్గినచో

వేసవిలో, జీడిపిక్కల కొనుగోళ్లు ముమ్మరముగా సాగు దినములలో, పలాస వర్తకుడగు నా మిత్రుడొకడు బ్యాంకు సందేశమొకటి నాకు చూపెను. ఆతని క్రెడిట్ కార్డు పరిమితి లక్ష రూపాయలనుండి నలువది వేలకు దిగినది. "ఒక్క వాయిదాయు తప్పలేదే!" యని యాతని యాశ్చర్యము.

బ్యాంకున కా యధికారము కలదు. రిజర్వు బ్యాంకు ఆదేశముల ప్రకారము పరిమితిని పెంచుటకు మన సమ్మతి వలయును. తగ్గించినప్పుడు మనకు తెలియజేసిన చాలును. ఇది యేకపక్షమని నాకు తోచును గాని, మన యంగళ్ల యరువు ఖాతాలలో మాత్రము జరుగునది వేఱా? మన లోపము లేకున్నను పరిమితి తగ్గవచ్చును. 2023 నవంబరులో కార్డు బాకీలపై బ్యాంకులు లెక్కకట్టవలసిన నష్టభారము నూటికి 125 నుండి 150కి పెరిగెను. అనగా నదే యప్పునకు బ్యాంకు అధిక మూలధనము నిలుపవలయును.

అసలు చిక్కు వేఱొకటి. మిత్రుని బాకీ 30,000. నిన్న నది పరిమితిలో నూటికి 30 వంతులు, నేడు 75. బాకీ పైసయైన పెరుగలేదు, కాని ఋణచరిత్రలు కూర్చు సంస్థల గణనలో ఆతడు అప్పులలో మునిగినవానివలె కనబడును. బిల్లు తయారగు తేదీకి ముందే వీలైనంత చెల్లింపుమంటిని. కార్డునుండి తమంత తామే పోవు చెల్లింపులు నిలిచిపోకుండ చూచుకొనుమంటిని. ఏటా యొకమారు ఉచితముగా లభించు ఋణచరిత్రను తెప్పింపగా, తీరిపోయిన యప్పొకటి యందింకను బాకీగా నుండెను! దానిని దిద్దించుకొని, పరిమితిని పునఃపరిశీలింపుడని బ్యాంకునకు వ్రాసినాడు. ముప్పది దినములలో జవాబే రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. పరిమితి యింత యుండవలెనని మాత్రము వారు నిర్ణయింపరు.