వేటదారిలో ఖుర్ఆన్ పారాయణం

కుక్క నోట కరిచి తెచ్చిన కుందేలు మనకు హలాలేనా? పండుగ సెలవుల్లో ఊళ్ళకు వెళ్ళినప్పుడు ఈ ప్రశ్న కొన్ని ఇళ్ళలోనైనా వినిపిస్తుంది. చిచ్చా నాలుగు కుక్కల్ని వెంటబెట్టుకుని బీళ్ళ వైపు బయలుదేరితే పిల్లలంతా ఆయన వెనకే పరుగు. సాయంత్రానికి సంచిలో చెవులపిల్లి వస్తుంది. పొయ్యి మీద గిన్నె పెట్టబోయే ఇల్లాలు మాత్రం ఆగి, "దీనికి జిబహ్ అయిందా?" అని అడుగుతుంది. సమాధానం సాధారణంగా, "బిస్మిల్లా అన్నాంలే" అనే వస్తుంది.

ఆ ఒక్క మాటతో పని అయిపోతుందా? దాదాపు ఇదే సందేహం దైవప్రవక్త ముహమ్మద్ (స) ముందు పెట్టిన వ్యక్తి మనకు బాగా తెలిసినవారి అబ్బాయే. దానగుణానికి మారుపేరుగా మన పెద్దలు కథలు కథలుగా చెప్పుకున్న హాతింతాయి కుమారుడు, తయ్ తెగ నాయకుడు హజ్రత్ అదీ (రజి). కుక్కలతో వేటాడే జనం మేము, మాకేది ధర్మసమ్మతం అని ఆయన అడిగారు. ప్రవక్త (స) ఇచ్చిన జవాబు బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఉంది. శిక్షణ పొందిన కుక్కను అల్లాహ్ పేరు ఉచ్చరించి వదిలితే అది పట్టినది తినవచ్చు. అది తానే కొరికి తిన్నదంటే, యజమాని కోసం కాక తన కోసం పట్టుకున్నదన్న మాట, దాన్ని వదిలేయాలి. వేరే కుక్కలు మధ్యలో వచ్చి కలిస్తే, ఏది చంపిందో తెలియకపోతే, అదీ వద్దు. ఎందుకంటే మనం అల్లాహ్ పేరు తలచింది మన కుక్క మీదే గాని ఆ పరాయి కుక్కల మీద కాదు.

ఈ చివరి మాట మన పల్లెలకు ఎంతగా వర్తిస్తుందో చూడండి. కుందేలు లేచిందంటే చాలు, వెంట తెచ్చినవే కాదు, దారిన పోయే ఊరకుక్కలన్నీ అరుచుకుంటూ పరుగు లంకించుకుంటాయి. తీరా దగ్గరికి వెళ్తే కుందేలు చచ్చి పడి ఉంటుంది, చుట్టూ ఆరు కుక్కలు. అటువంటిది తినకూడదు. ప్రాణం ఉండగానే చేతికి అందితే మాత్రం ఏ కుక్క పట్టిందన్న లెక్క లేదు. వెంటనే కత్తితో జిబహ్ చేయాలి. జిబహ్‌కు వ్యవధి ఉండి కూడా, 'కుక్క పట్టిందిగా' అని ఊరుకుంటే అది హలాల్ కాదు. బిస్మిల్లా అనవలసింది కూడా కుక్క మెడతాడు వదిలేటప్పుడు. కుందేలును సంచిలో వేసుకునేటప్పుడు కాదు. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

శిక్షణ అంటే ఏమిటి? దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరా నాలుగో ఆయతులో వేటజంతువులకు తర్ఫీదు ఇచ్చేవారిని గురించి వాడిన పదం 'కల్బ్' అనే ధాతువు నుంచే వచ్చింది. కల్బ్ అంటే కుక్క. అల్లాహ్ మీకు నేర్పిన విద్యలోంచే మీరు వాటికి నేర్పుతున్నారన్న భావం అక్కడ ఉంది. చదువు లేని కుక్క పట్టి చంపినది నిషిద్ధం, చదువుకున్న కుక్క పట్టినది సమ్మతం! విద్య విలువ చెప్పడానికి మన పండితులు ఈ ఆయతును తరచు ఉదాహరించేవారు. పంపితే వెళ్ళాలి, పిలిస్తే ఆగాలి, పట్టినదాన్ని తినకుండా ఉంచాలి. మూడుసార్లు అలా తినకుండా ఉంటే శిక్షణ పూర్తయినట్టేనని ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్ అన్నారు. వారి గురువు ఇమాం అబూ హనీఫా మాత్రం లెక్క పెట్టకుండా, తర్ఫీదు ఇచ్చేవాడి అంచనాకు వదిలేశారు. మాలికీ పండితులు కుక్క కొంత తిన్నా పరవాలేదన్నారు గాని, మన ప్రాంతంలో అధికసంఖ్యాకులు హనఫీలు కనుక ఆ సడలింపు మనకు లేదు. హనఫీ మత ప్రకారం ఇంకో షరతు కూడా ఉంది. కుక్క గాయపరచి చంపాలి. మీద పడి నలిపేసినా, గొంతు నులిమేసినా ఒప్పుకోరు.

ఇక కుందేలు మాంసం సంగతి. మక్కా దగ్గర మర్రుజ్జహ్రాన్ అనే చోట ఒక కుందేలును లేపామని, జనమంతా తరిమి తరిమి అలసిపోయారని, చివరికి దాన్ని తాను పట్టుకున్నానని హజ్రత్ అనస్ (రజి) చెప్పారు. హజ్రత్ అబూ తల్హా (రజి) దాన్ని జిబహ్ చేసి, తొడ భాగం ప్రవక్త (స) వారికి పంపితే ఆయన స్వీకరించారు. నాలుగు సున్నీ మజ్‌హబ్‌లలోనూ కుందేలు హలాల్. షియా సోదరులు మాత్రం తినరు.

ఇంటిల్లిపాదీ వేటకు వెళ్ళడమంటే మాకు గుర్తుకొచ్చేది సిరియాలో హమా పట్టణానికి దగ్గరలో, ఆసీ నది ఒడ్డున ఉన్న షైజర్ కోట. ఆ కోటను ఏలిన మున్ఖిజ్ వంశంలో 1095లో పుట్టిన ఉసామా, శిలువ యుద్ధాల్లో పోరాడి, తొంభై ఏళ్ళ వయసుకు చేరువలో తన జ్ఞాపకాలు చెప్పి రాయించారు. ఆ గ్రంథం పేరు కితాబుల్ ఇఅ్‌తిబార్. దాని చివరి భాగమంతా వేట ముచ్చట్లే. ఆయన తండ్రి ముర్షిద్, పాలన తమ్ముడికి వదిలేసిన మనిషి. పగలు ఉపవాసం, పారాయణం, వేట. రాత్రి ఖుర్ఆన్ ప్రతులు రాసుకోవడం. స్వహస్తాలతో నలభైకి పైగా ప్రతులు రాశారు. కోటకు దక్షిణాన కొండల్లో కౌజులూ కుందేళ్ళూ, పడమట నది ఒడ్డు రెల్లుపొదల్లో నీటిపక్షులూ కుందేళ్ళూ జింకలూ. వెంట నలభై మంది దాకా గుర్రపు రౌతులు, డేగలు, కుక్కలు, కొడుకులు.

వేటకు పోయే దారిలో ఆయన ఏం చేసేవారో ఉసామా రాశారు. కొడుకులందరూ ఖుర్ఆన్ కంఠస్థం చేసినవారే. ఎవరెవరు ఆ పూట పారాయణం ఇంకా చేయలేదో వారు విడివిడిగా వెళ్ళి చదువుకోండి అనేవారట. పిల్లలు గుర్రాల మీద తలో దిక్కుకు చెదిరిపోయి చదువుకుంటూ వేటస్థలం చేరేవారు. అక్కడ మళ్ళీ పిలిపించి, ఎవరెంత చదివారో ఒక్కొక్కరినీ అడిగేవారు. అందరూ చెప్పాక, తాను వంద ఆయతుల దాకా చదివానని చెప్పేవారు. గద్దింపు లేదు, ఉపన్యాసం లేదు. తానెంత చదివిందీ చెప్పడమే. మా దృష్టిలో ఆ పుస్తకంలోని యుద్ధాలన్నిటికంటే ఈ నాలుగు వాక్యాలే ఎక్కువ విలువైనవి.

ఇంకో ముచ్చట కూడా ఉంది. వారింట ఒక నల్లని ఆడ వేటకుక్క ఉండేది. రాత్రిళ్ళు నౌకర్లు దాని తల మీద దీపం పెట్టి, ఆ వెలుగులో చదరంగం ఆడుకునేవారు. అది కదలకుండా కూర్చునేది. ఆ వేడికి, పొగకు దాని కళ్ళు మసకబారిపోయాయి. కుక్కను గుడ్డిదాన్ని చేశారని ముర్షిద్ మందలించినా నౌకర్లు వినలేదట. అంతటి తర్ఫీదు, అంతటి ఓర్పు ఉన్న జంతువుకు మనుషులు చేసింది ఇది.

1157 ఆగస్టులో వచ్చిన భూకంపంలో షైజర్ కోట కూలి, ఆ వంశంలో దాదాపు అందరూ చనిపోయారు. దూరంగా ఉన్న ఉసామా మిగిలారు.

ముర్షిద్ కాలంలో ఆ కొండల మీద వేటాడవద్దనే చట్టం లేదు. మనకు ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి కుందేలు రక్షణ ఉన్న జంతువు. చిన్న జంతువులను లైసెన్సుతో వేటాడే వీలు మొదట్లో ఉన్నా, 1991 సవరణతో అదీ పోయింది. చంపడం ఒక్కటే నేరం అనుకుంటే పొరపాటు. తరమడం, ఉచ్చు వేయడం, పట్టుకోవడం, వీటికి ప్రయత్నించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. అంటే కుక్కల్ని కుందేలు మీదికి వదిలిన క్షణంలోనే నేరం జరిగినట్టు. చీకట్లో టార్చిలైట్లతో బయలుదేరే కుర్రాళ్ళు వాహనం పోగొట్టుకుని, కోర్టుల చుట్టూ తిరిగి, జైలుపాలు కూడా కావచ్చు.

"షరియత్ హలాల్ అన్నదాన్ని చట్టం ఎలా ఆపుతుంది?" అని కొందరు వాదిస్తారు. ఈ వాదనలో పస లేదు. వేట ఫర్జ్ కాదు, సున్నత్ కాదు, కేవలం అనుమతించబడినది. ఆ అనుమతి కూడా ఆహారం కోసం. వినోదానికే చేసే వేటను హనఫీ పండితులు సమ్మతించలేదు. వేట వెంట పడేవాడు ఏమరుపాటులో పడతాడని హెచ్చరించే హదీసు కూడా ఉంది. ఇహ్రాం ధరించిన హాజీకి నేలమీది వేటను అల్లాహ్‌యే నిషేధించాడు. కొన్ని వేళల్లో, కొన్ని చోట్ల చేయి ఆపుకోవడం మన ధర్మానికి కొత్త కాదు. కుందేలు కూరే కావాలంటే పెంపకం కుందేళ్ళు ఉన్నాయి. చేతిలో ఉన్న ప్రాణిని ఎవరికీ భయపడకుండా జిబహ్ చేసుకోవచ్చు.

మరి ఇంట్లో ఉన్న వేటకుక్కల మాటేమిటి? వాటిని వీధిలోకి తరిమేయనవసరం లేదు. నిష్కారణంగా కుక్కను పెంచితే రోజూ పుణ్యంలో కొంత తరిగిపోతుందని చెప్పిన హదీసులే, వేటతో పాటు పశువుల మందకూ పొలానికీ కాపలా ఉండే కుక్కలకు మినహాయింపు ఇచ్చాయి. మేకల మంద దగ్గరో, వేరుశనగ చేను గట్టునో దానికి చోటు చూపించవచ్చు. తిండికీ నీళ్ళకూ విడిగా గిన్నె పెట్టండి. మన గిన్నెలో మూతి పెట్టిందా, హనఫీలకు మూడుసార్లు కడిగితే సరిపోతుంది. హైదరాబాదు బార్కస్‌లోని అరబ్బు కుటుంబాల వంటి షాఫయీలైతే ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టితో.