నల్లని ఆయిలు చెడిన ఆయిలు కాదు

తొలకరి దమ్ముల కాలమున గోదావరి డెల్టాలోని ఏ మెకానిక్కు షెడ్డుకు పోయినను, డిప్‌స్టిక్కును బయటికి లాగి, దాని కొనను గుడ్డతో తుడిచి, మరల ముంచి తీసి, కాటుకవలె నల్లబడిన ఆయిలును చూచి పెదవి విరచు రైతులు ఇద్దరు ముగ్గురైనను కనబడుదురు. మొన్ననే పోసిన ఆయిలు ఇంతలోనే చెడినదని ఒకడు దానిని పారబోయించును. నల్లగా నున్నను ఇంకను జిగి యున్నది గదా యని మరియొకడు ఏడాదికి పైగా దానితోనే నెట్టుకొని వచ్చును. మొదటివానికి డబ్బు దండుగ, రెండవవానికి ఇంజనే దండుగ. ఇద్దరును కంటికి కనబడు రంగును, వ్రేళ్ల నడుమ తగులు జిగిని నమ్మినవారే గాని, మీటరుపై ఎన్ని గంటలు తిరిగెనో చూచినవారు కారు.

డీజిలు ఇంజనులో ఆయిలు నల్లబడుట సహజము. సిలిండరులో ఇంధనము దహింపబడునపుడు పుట్టు మసి యంతయు సైలెన్సరు గుండ వెడలిపోదు. కొంత పిస్టను రింగుల సందులనుండి క్రిందికి జారి చాంబరులోని ఆయిలున చేరును. ఈ మసికణములు ఒండొంటితో అంటుకొని గడ్డకట్టకుండ వానిని విడివిడిగా తేలియాడజేయుటకును, పిస్టను గాడులలో జిగురు పట్టనీయక కడుగుటకును ఆయిలులో రసాయనద్రవ్యములను కలుపుదురు. 1931లో అమెరికాలోని కాటర్‌పిల్లర్ కంపెనీ డీజిలు ట్రాక్టరును విపణికి తెచ్చిన కాలమున ఇట్టి ద్రవ్యములు లేని వట్టి ఖనిజతైలమే వాడుకలో నుండుటచే, రింగులు తమ గాడులలో బిగిసిపోయి ఇంజనులు మూలబడజొచ్చినవి. ఆ చిక్కును తీర్చుటకై 1930ల నడుమ కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ రూపొందించిన తైలమునుండియే నేటి డీజిలు ఆయిళ్ల వంశము మొదలైనది. కావున నలుపు, ఆయిలు తన పనిని తాను చేయుచున్నదనుటకు సాక్ష్యము. పాతతరపు ఇంజనులో నూరు గంటలు నడచిన పిదపకూడ ఆయిలు తేనెరంగున మెరయుచున్నచో సంతోషింపక అనుమానపడవలెను. ఆ మసి ఆయిలులో లేనిచో ఇంజను లోపలనే ఎచటనో అంటుకొని యుండవచ్చును.

మరి ఆయిలు చెడుట యెట్లు? పై ద్రవ్యములు క్రమక్రమముగా ఖర్చగును. డీజిలులోని గంధకము మండి ఆమ్లముగా మారి బేరింగులను తినివేయకుండ ఆపు క్షారగుణము క్షీణించును. ఒకప్పుడిది పెద్ద ప్రమాదమే. 2017 ఏప్రిలు నుండి దేశమంతట పది లక్షల భాగములకు 50 భాగములకును, 2020 ఏప్రిలు నుండి 10 భాగములకును గంధకమును తగ్గించుటతో ఆ బాధ చాలవరకు తీరినది. వేడివలన కలుగు చేటు మాత్రము తీరలేదు. ఆయిలు వేడి 10 డిగ్రీలు హెచ్చినకొలది అది ప్రాణవాయువుతో కలిసి చెడు వేగము ఇంచుమించు రెట్టింపగునని ఇంజనీర్లు లెక్కకట్టుదురు. మోకాలిలోతు బురదలో కేజివీల్సుతో రోటవేటరును త్రిప్పుచు, రేడియేటరు జాలీకి ఊక పట్టిన ట్రాక్టరులో ఆయిలు పడు యాతన, ఖాళీ ట్రక్కుతో రోడ్డుపై పోవు ట్రాక్టరులోని ఆయిలు ఎరుగదు.

అన్నిటికంటె క్రూరమైనది దుమ్ము. అనంతపురము జిల్లాలో వేరుసెనగ నూర్చు కళ్లములయొద్దను, ఎండిన చేలలో రోటవేటరు తిరుగుచోటను లేచు ధూళిలో ఇనుముకంటె కఠినమైన ఇసుకరేణువులుండును. అవి గాలితోపాటు సిలిండరులోనికి పోయి, లైనరును రింగులను అరగదీసి, ఆ అరుగుదల పొడితోకూడ ఆయిలున కలిసి, పిమ్మట బేరింగులపై పడును. పాత ట్రాక్టర్లలో గాలిని వడపోయు గిన్నెలోని ఆయిలు బురదయై యున్నను గమనింపక, చాంబరులో మాత్రము అంగటిలోని మిక్కిలి ఖరీదైన డబ్బాను వంపు గృహస్థులను చూచినపుడు నాకు నవ్వును జాలియు ఒక్కసారే కలుగును. ఎయిర్‌క్లీనరునకును ఇంజనునకును నడుమనున్న రబ్బరుగొట్టము పగిలి, క్లిప్పు వదులై యున్నచో, ఎంత మంచి ఆయిలును ఎంత తరచుగా మార్చినను ఇంజను బోరుకు వచ్చుట తప్పదు.

గడువు విషయమున తయారీదారు లిచ్చు పుస్తకమే ప్రమాణము. మన ట్రాక్టర్లలో చాలవానికి 250 గంటలు గడువు. క్రొత్త ఇంజనుకు మొదటి మార్పు సాధారణముగా 50 గంటలకే, ఏలనన క్రొత్త లోహభాగములు రాచుకొని కుదురుకొను వేళ రాలు పొడి ఎక్కువ. కొన్ని నూతన నమూనాలకు దీర్ఘమైన గడువు కలదు గాని, అది చెప్పిన రకపు ఆయిలును ఫిల్టరును వాడినపుడే చెల్లును. దినమునకు 10, 12 గంటలు నడచు దమ్ముల కాలమున ఈ 250 గంటలు మూడు నాలుగు వారములలోనే నిండుననునది, ట్రాక్టరును కిరాయికి త్రిప్పువారు తరచు మరచు సంగతి. సీజను కానిమ్ము, తరువాత చూతమనుకొనుటలో రెండు గడువులు దాటిపోవును. ఇందొక సూక్ష్మము కలదు: పాతరకపు మీటరు గడియారపు గంటలను గాక ఇంజను తిరుగుళ్లను లెక్కించి గంటలుగా చూపును గాన, మెల్లగా నడచిన గంట దానిపై గంటకంటె తక్కువగానే పడును; ఎలక్ట్రానిక్ మీటరు అట్లు గాదు. ఏడాదికి 150 గంటలైనను నడువని ఇంటి ట్రాక్టరుకు గంటలతో పనిలేక ఏటేట మార్చుటే మేలు. చల్లని ఇంజనును పది నిమిషములు నడిపి ఆపుచుండుటచే లోపల చేరిన చెమ్మ ఆవిరైపోవు అవకాశము లేక ఆయిలులోనే నిలిచిపోవును.

రంగు చెప్పజాలని దానిని చెప్పు గురుతులు వేరుగా కలవు. బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషములకు చూచినపుడు మట్టము తగ్గుట అందరెరిగిన గురుతే. మట్టము పెరుగుట అంతకంటె భయంకరము. డీజిలు వాసనతో పలుచబడి పెరిగినచో ఇంజెక్టరో, పంపో కారుచుండవచ్చును. పాలు కలిసినట్లు తెల్లబారినచో నీరు లోనికి వచ్చినది, ఎక్కువగా హెడ్డు గ్యాస్కెట్టు దాటి. మెకానిక్కు చూచువరకు అట్టి ఇంజనును స్టార్టు చేయరాదు. అనుమానమున్నచో ఒక బొట్టును బాగుగ కాగిన రేకుపై వేసిన, నీరున్నయెడల చిటపటలాడును. అద్దుడు కాగితముపై వేసి కొన్ని గంటలు ఉంచిన బొట్టు మరింత చెప్పును: నలుపు అంచులవైపు మెల్లమెల్లగా పలుచబడుచు వ్యాపించినచో మసిని మోయు శక్తి ఇంకను కలదు; నడుమ చిక్కని మచ్చ గిరిగీసినట్లు నిలిచిపోయి, చుట్టును వట్టి నూనె మాత్రమే ప్రాకినచో ఆ శక్తి ఉడిగినది, గంటలు నిండకున్నను మార్చవలసినదే.

మార్పించునపుడు ఇంజను వేడిగా నుండగనే ప్లగ్గు విప్పవలెను; చల్లారినచో మడ్డి అడుగుననే నిలుచును. ఫిల్టరును వదలి ఆయిలును మాత్రమే మార్చుట లోభము. ఫిల్టరు మూసికొనిపోయినపుడు ప్రక్కదారి వాల్వు తెరచుకొని, వడపోయని ఆయిలునే బేరింగులకు పంపును. డబ్బాపై 15డబ్ల్యూ-40 అనునది చిక్కదనమును, సి.ఎఫ్.-4, సి.ఐ.-4 వంటి అక్షరములు గుణమును తెలుపును.

దింపిన ఆరేడు లీటర్ల ఆయిలును కాలువగట్టున వంపుటయు, చెదలు పట్టకుండ కంచె గుంజలకు చేతితో పూయుటయు పల్లెలలో కద్దు. రెండును తగవు, వాడిన ఆయిలు చర్మమునకు హానికరము, 2016నాటి నియమములు దానిని ప్రమాదకర వ్యర్థములలో చేర్చినవి. మూతగల డబ్బాలో నిలువచేసి, అనుమతిగల శుద్ధికర్మాగారములకు చేరవేయు వర్తకునకు అమ్మవచ్చును. క్రొత్త ఆయిలు వచ్చిన ఖాళీ డబ్బాను మాత్రము మేకుతో రెండుచోట్ల పొడిచిన పిదపనే పాతసామానులవానికి ఈయవలెను. నకిలీ ఆయిలు నింపువారు వెదకునది చిల్లులేని డబ్బాలనే.