కాచినా పోని విషం!

‘బాగా మరిగిస్తే చాలు, ఏ క్రిములైనా చచ్చిపోతాయి’... ప్రతి ఇంట్లోనూ వినిపించే మాటే. క్రిములు చచ్చేమాట నిజమే. మరి చచ్చేలోపు అవి వదిలిన విషం సంగతి? జపాన్ ప్రజలకు ఈ సంగతి 2000 సంవత్సరంలో తెలిసొచ్చింది.

ఆ ఏడాది జూన్ నెలాఖరున ఒసాకా ప్రాంతంలో వేలమందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అంతా స్నో బ్రాండ్ సంస్థ అమ్మిన వెన్న తక్కువ పాలు తాగినవారే. బాధితుల సంఖ్య 13 వేలు దాటింది. ఆరా తీస్తే తీగ ఎక్కడో ఉత్తరాన హొక్కైడోలో ఉన్న తైకి ఫ్యాక్టరీ దగ్గర తేలింది. మార్చి 31న అక్కడ సుమారు మూడు గంటలు కరెంటు పోయింది. యంత్రాల్లోని పాలు చల్లబడకుండా ఉండిపోయాయి. అందులో స్టెఫైలోకోకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పెరిగిపోయి విషాన్ని వదిలింది. తర్వాత పాలను వేడిచేసి పొడి చేశారు. బ్యాక్టీరియా చచ్చింది, విషం మిగిలింది! ఆ పొడే ఒసాకా చేరి, పాలలో కలిసింది.

లెక్క తప్పేది ఇక్కడే
ల్యాబుల్లో సాధారణంగా లెక్కపెట్టేది బతికున్న బ్యాక్టీరియాని. వేడిచేసిన సరుకులో అవి ఉండవు కాబట్టి రిపోర్టు బాగానే వస్తుంది. అందుకే విషాన్నే నేరుగా పట్టుకునే ఎలైసా లాంటి పరీక్షలు కావాలి. ఐరోపా సమాఖ్య 2005 నాటి నిబంధనల్లో ఈ జాగ్రత్త పెట్టింది. జున్ను, పాలపొడి తయారీలో ఈ రకం బ్యాక్టీరియా గ్రాముకు లక్ష దాటితే విషపరీక్ష చేసితీరాలి.

మన దేశంలో 2004లో మొదలైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం కింద జిల్లాల నుంచి ఆహారవిష ఘటనల సమాచారం సేకరిస్తున్నారు. మధ్యాహ్న భోజనాన్ని పిల్లలకు పెట్టేముందు టీచరు రుచి చూడాలని 2015 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మంచి పద్ధతే. కానీ ఈ విషానికి రుచీ వాసనా ఉండవు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు గానీ లక్షణాలు బయటపడవు. కాబట్టి రుచి ఒక్కటే సరిపోదు, వంటగదిలో గడియారాన్నీ చూడాలి.

అన్నంతోనూ జాగ్రత్త
స్టెఫైలోకోకస్ మన ముక్కులో, చర్మంపై, చీముపట్టిన గాయాల్లో ఉంటుంది. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ తీరు వేరు. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే మొలకెత్తి, విషాన్ని తయారుచేస్తాయి. ఆ అన్నాన్ని పోపు వేసినా, ఫ్రైడ్‌రైస్ చేసినా విషం పోదు.

ఇలా చేయండి...
* వండినవి రెండు గంటల్లోపు తినేయండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టండి.
* పెద్ద గిన్నెలో అన్నం లోపల త్వరగా చల్లారదు. వెడల్పాటి పళ్లేల్లో పలచగా పరిచి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి.
* విందుల్లో వేడి పదార్థాలు 60 డిగ్రీలకు తగ్గకుండా చూడండి.
* చేతికి పుండో, తెగిన గాయమో ఉన్నవారిని వంటకు, వడ్డనకు దూరంగా ఉంచండి.
* నలుగురికి ఒకేసారి వాంతులైతే మిగిలిన పదార్థాన్ని పారేయకండి. మూతపెట్టి, ఎవరూ తినకుండా ఫ్రిజ్‌లో విడిగా ఉంచి, ఆరోగ్య సిబ్బందికి ఇవ్వండి. అసలు కారణం తేలేది దాన్ని పరీక్షిస్తేనే!