వెతికేవారి మాట - అమ్మేవారి పేజీ



మన హాస్టళ్ళలో చదువుకున్నవారంతా ఉద్యోగాల్లోనే స్థిరపడలేదు. కొందరు టెంట్ హౌస్ పెట్టుకున్నారు. కొందరు టైలరింగ్ షాపు, ప్రింటింగ్ పని చేసుకుంటున్నారు. కొందరు తల్లిదండ్రుల చేతిపనినే నమ్ముకున్నారు. వారిలో పలువురు ఉన్న డబ్బు ఖర్చుపెట్టి వెబ్‌సైట్ కూడా చేయించుకున్నారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఒక్కటే: "సైట్ పెట్టాం సరే, ఎవరూ చూడటం లేదేమిటి?" దీనికి చాలాసార్లు కారణం సరుకు కాదు, ధర కాదు. కొనేవారు ఒక మాటతో వెతుకుతున్నారు, మనం ఇంకో మాటతో రాసుకున్నాం. ఆ రెంటినీ కలిపే పనిని ఇంగ్లీషులో కీవర్డ్ రీసెర్చ్ అంటారు. మనం వెతుకుపదాల పరిశీలన అనుకుందాం. ఇది ఎలా చేయాలో, దీనికి ఎందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదో ఈ వ్యాసంలో వివరిస్తాము.

సెర్చ్ ఇంజిన్ ఎలా పనిచేస్తుంది?

మన లైబ్రరీలోని లావుపాటి పుస్తకాల చివర అక్షర క్రమంలో ఒక పట్టిక ఉంటుంది. ఏ మాట ఏ పేజీలో ఉందో అది చెబుతుంది. సెర్చ్ ఇంజిన్ కూడా అలాంటి పట్టికే, కాకపోతే చాలా పెద్దది. మొదట దాని ప్రోగ్రాములు ఒక లింకు నుంచి ఇంకో లింకుకు పోతూ పేజీలను చదువుతాయి. రెండవది, చదివినదాన్ని పట్టికలో చేర్చుకుంటాయి. మూడవది, ఎవరైనా ఒక మాట టైపు చేసినప్పుడు ఆ పట్టికలోంచి తగిన పేజీలను తీసి వరుసలో పెడతాయి. 1998లో మొదలైన గూగుల్, ఒక పేజీకి ఎన్ని మంచి పేజీలు లింకు ఇచ్చాయో చూసి దాని విలువ కట్టే పద్ధతితో పేరు తెచ్చుకుంది. ఇప్పుడు దానితో పాటు మరెన్నో విషయాలు చూస్తుంది. అయితే మన పేజీలో లేని విషయానికి మన పేజీని చూపించడం దానికి కష్టం. కనుక ముందుగా తెలుసుకోవలసింది కొనేవారి నోట ఉన్న మాట.

ఒక ఉదాహరణ: కొండపల్లి బొమ్మలు

ఎన్టీఆర్ జిల్లాలో, విజయవాడ దగ్గర ఉన్న కొండపల్లి సంగతి అందరికీ తెలిసినదే. తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగాలు అతికి, రంగులు వేసి ఈ బొమ్మలు చేస్తారు. అక్కడ ఒక చిన్న కుటుంబం సైట్ పెట్టిందనుకుందాం. మొదటి పేజీ మీద "సంప్రదాయ హస్తకళా వైభవం" అని పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. చదవడానికి బాగుంది. కానీ బొమ్మ కొనాలనుకున్నవారు ఆ మాట టైపు చేస్తారా? చేయరు. "కొండపల్లి దశావతారాల సెట్ ధర" అని చేస్తారు. "బొమ్మల కొలువుకు బొమ్మలు" అని చేస్తారు. "గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్టులు" అని చేస్తారు. మూడో మాటలో కొండపల్లి పేరే లేదు. అయినా ఆ మనిషి మన బొమ్మ కొనగల మనిషే. అమ్మేవారు సరుకు పేరుతో ఆలోచిస్తారు, కొనేవారు తమ అవసరం పేరుతో ఆలోచిస్తారు. ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

మాట వెనుక ఉద్దేశం

వెతికే ప్రతి మాట వెనుక ఒక ఉద్దేశం ఉంటుంది. స్థూలంగా మూడు రకాలు.

1. తెలుసుకోవాలనుకునేవారు: "కొండపల్లి బొమ్మలు దేనితో చేస్తారు?" వీరిలో స్కూలు ప్రాజెక్టు రాసుకునే పిల్లలు ఉండవచ్చు. వెంటనే కొనరు.

2. కొనాలనుకునేవారు: "అంబారీ ఏనుగు బొమ్మ ధర", "దశావతారాల సెట్ ఆన్‌లైన్". వీరు తక్కువమంది ఉన్నా మనకు ముఖ్యం.

3. చోటు కోసం వెతికేవారు: "కొండపల్లిలో బొమ్మల షాపు". కోట చూడటానికి వచ్చినవారు దారిలో ఫోనులో వెతికే మాట ఇది.

ఉద్దేశం చూడకుండా సంఖ్య మాత్రమే చూస్తే దెబ్బ తింటాం. "చెక్క బొమ్మలు" అని వెతికేవారు ఎక్కువమందే ఉంటారు. కానీ వారిలో పసిపిల్లలు ఆడుకునే బొమ్మలు కావాలనుకునే తల్లిదండ్రులు ఉంటారు. కొండపల్లి బొమ్మ ప్రధానంగా అలంకరణకు, కొలువులో పెట్టుకోవడానికి. అదీగాక ఆ మాటకు మొదటి పేజీలో పెద్ద పెద్ద అమ్మకపు సైట్లు కూర్చుని ఉంటాయి. అక్కడ చోటు దొరకడం కష్టం, దొరికినా వచ్చినవారు కొనకుండా వెళ్ళిపోతారు. "బొమ్మల కొలువుకు కొండపల్లి పెళ్ళి సెట్" అనే పొడుగాటి మాటను తక్కువమంది వెతుకుతారు, కానీ వారికి ఏం కావాలో వారికి స్పష్టంగా తెలుసు. ఇలాంటి పొడుగు మాటలను ఇంగ్లీషులో లాంగ్ టెయిల్ అంటారు. 2004లో క్రిస్ ఆండర్సన్ రాసిన వ్యాసంతో ఈ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. చిన్న వ్యాపారికి ఆధారం ఈ తోక భాగమే.

మాటలు ఎక్కడ దొరుకుతాయి?

మొదటి చోటు మన ఫోనే. ఇదివరకు కొన్నవారు వాట్సాప్‌లో ఏమని అడిగారు? ఎగ్జిబిషన్ స్టాల్ దగ్గర నిలబడినవారు ఏ మాట వాడారు? ఆ మాటలను ఉన్నదున్నట్టు ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. మన భాషలోకి దిద్దకూడదు.

రెండవ చోటు సెర్చ్ పెట్టె. "కొండపల్లి" అని టైపు చేసి ఆగితే కింద కొన్ని మాటలు వాటంతట అవే వస్తాయి. అవి జనం నిజంగా వెతికినవాటి ఆధారంగా వచ్చేవి. ఫలితాల మధ్యలో కొన్ని ప్రశ్నలు, పేజీ అడుగున దగ్గరి మాటలు కనిపిస్తే వాటినీ రాసుకోవాలి.

మూడవది గూగుల్ వారి కీవర్డ్ ప్లానర్. దీనికి గూగుల్ యాడ్స్ ఖాతా కావాలి, పరికరం మాత్రం ఉచితం. ప్రకటనలకు డబ్బు పెట్టనివారికి ఇది కచ్చితమైన సంఖ్య చెప్పదు, నెలకు 100 నుంచి 1,000 వరకు అన్నట్టు ఒక హద్దు చూపిస్తుంది. రెండు మాటల్లో ఏది ఎక్కువో పోల్చుకోవడానికి అది చాలు. ఇందులో "పోటీ" అని కనిపించేది ప్రకటనలు ఇచ్చేవారి మధ్య పోటీ. మామూలు ఫలితాల్లో పోటీ ఎంతో తెలియాలంటే ఆ మాటను మనమే వెతికి, మొదటి పేజీలో ఎవరున్నారో చూడాలి.

నాలుగవది గూగుల్ ట్రెండ్స్. 2006లో వచ్చింది. ఇది సంఖ్యలు చెప్పదు, 0 నుంచి 100 వరకు కొలతలో ఏ కాలంలో ఆసక్తి పెరిగిందో గీత గీసి చూపుతుంది. బొమ్మల వ్యాపారానికి ఇది ఎంతో అవసరం. మన ఇళ్ళలో కొందరు దసరాకు, కొందరు సంక్రాంతికి కొలువు పెడతారు. తమిళులు నవరాత్రికి గొలు అంటారు, కన్నడిగులు దసరా గొంబె అంటారు. వస్తువు ఒక్కటే, వెతికే మాటలు మూడు. చెన్నైకి, బెంగళూరుకు పార్సిల్ పంపగలిగితే ఆ మాటలూ మన పేజీలో ఉండాలి. కొత్త పేజీ పట్టికలో చేరి నిలదొక్కుకోవడానికి సమయం పడుతుంది కనుక దసరా పేజీని శ్రావణ మాసానికి ముందే సిద్ధం చేసుకోవడం మేలు.

తెలుగువారి స్పెల్లింగుల సంగతి

మనవాళ్ళు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయడం ఎక్కువ. కొండపల్లి చివర కొందరు ఐ పెడతారు, కొందరు వై పెడతారు. బొమ్మలులో ఒకరు రెండు ఎమ్‌లు రాస్తే ఇంకొకరు ఒకటే రాస్తారు. ప్రతి స్పెల్లింగుకూ ఒక పేజీ చేయనక్కర లేదు. చాలా తేడాలను సెర్చ్ ఇంజిన్ తానే సరిచేసుకుంటుంది. ఎక్కువమంది రాసే స్పెల్లింగు ఒకటి ఎంచుకుని అంతటా అదే వాడాలి. తెలుగు లిపిలో కూడా వివరం రాయాలి. వెతికేవారిలో తెలుగులో టైపు చేసేవారు, ఫోనుతో మాట్లాడి వెతికేవారు ఉన్నారు. మాట్లాడేవారు "కొండపల్లి బొమ్మలు ఎక్కడ దొరుకుతాయి" అని పూర్తి వాక్యం అడుగుతారు. దానికి పేజీలో సూటిగా జవాబు ఉండాలి.

పేజీలో ఎలా వాడాలి?

ఒక ఉద్దేశానికి ఒక పేజీ అనేది మంచి సూత్రం. దశావతారాల సెట్‌కు ఒక పేజీ, రిటర్న్ గిఫ్టులకు ఒక పేజీ, తయారీ విధానానికి ఒక పేజీ. పేజీ టైటిల్‌లో, పై శీర్షికలో, మొదటి పేరాలో ఆ మాట సహజంగా రావాలి. ఫోటో కింద వివరం, ఫోటోకు ఇచ్చే ప్రత్యామ్నాయ పాఠం ఖాళీగా వదలకూడదు. ఎత్తు ఎన్ని అంగుళాలు, సెట్‌లో ఎన్ని బొమ్మలు, ధర, పార్సిల్ ఖర్చు, ఎన్ని రోజుల్లో చేరుతుంది - ఇవన్నీ రాయాలి. తయారీ గురించిన పేజీ నుంచి అమ్మకపు పేజీకి లింకు ఇవ్వాలి. చదవడానికి వచ్చినవారిలో కొందరైనా కొనేవారవుతారు. షాపు ఉన్నవారు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ఉచితంగా నమోదు చేసుకోవాలి.

చేయకూడనివీ ఉన్నాయి. ఒకే మాటను పేజీ నిండా కుక్కడం, తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాల్లా కనబడకుండా రాయడం, ఊరి పేరు మాత్రం మార్చి అదే పేజీని పది చేయడం - ఇవి గూగుల్ నియమాలకు విరుద్ధం. పట్టుబడితే పేజీ వెనక్కి పోతుంది. పేజీ కోడ్‌లో కీవర్డ్స్ అనే ట్యాగ్ నింపితే చాలని ఇప్పటికీ చెప్పేవారున్నారు. వరుస నిర్ణయంలో దాన్ని చూడబోమని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

మరో హెచ్చరిక. "నెలకు ఇంత కట్టండి, మొదటి స్థానం గ్యారంటీ" అని ఫోన్లు వస్తుంటాయి. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ స్వయంగా తన సూచనల్లో రాసింది. అప్పు చేసి చెక్క కొనే కుటుంబం ఆ మాట నమ్మి కట్టే డబ్బు ఒక నెల ముడిసరుకు డబ్బు. అది పోతే ఆ నెల బొమ్మ లేదు, అమ్మకమూ లేదు.

ఫలితం ఎలా కొలవాలి?

సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనంలో మన సైట్‌ను చేర్చుకుంటే, ఏ మాటకు మన పేజీ ఎన్నిసార్లు కనిపించింది, ఎన్నిసార్లు నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉన్నాం అనేవి 16 నెలల వరకు చూపిస్తుంది. ఒక మాటకు 400 సార్లు కనిపించి 4 సార్లే నొక్కారనుకోండి. స్థానం మరీ కింద ఉంటే పేజీ బలపరచాలి. స్థానం బాగానే ఉంటే టైటిల్ వారిని ఆకర్షించలేదని, లేదా మాట మనకు సరిపడదని అర్థం. మనం ఊహించని మాటలు కూడా అక్కడ కనిపిస్తాయి. వాటి నుంచి కొత్త పేజీలు పుడతాయి.

2024 నుంచి మన దేశంలో కొన్ని ప్రశ్నలకు గూగుల్ తానే కృత్రిమ మేధతో జవాబు రాసి పైన చూపుతోంది. అందువల్ల ఊరికే తెలుసుకోవాలనుకునేవారిలో కొందరు మన పేజీ దాకా రాకపోవచ్చు. కానీ బొమ్మ కావలసినవారు బొమ్మ ఉన్న చోటికి రావలసిందే. కనుక కొనే ఉద్దేశం ఉన్న మాటల మీద, సొంత ఫోటోలు, సొంత వివరాల మీద మరింత శ్రద్ధ పెట్టాలి.

మన పిల్లలకు ఒక మాట

ఈ పనిలో కంప్యూటర్ పరిజ్ఞానం కంటే ముందు కావలసింది జనం మాట తెలియడం. చేతిపని చేసే ఇంట్లో పుట్టి, నలుగురు జిల్లాలవారితో ఒకే గదిలో పెరిగిన హాస్టల్ పిల్లలకు అది పుస్తకం చదవకుండానే వచ్చింది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నల పనికి, లేదా ఊళ్ళో ఒక చిన్న షాపుకు సంబంధించి 20 మాటలు సేకరించండి. ప్రతి మాట పక్కన తెలుసుకోవడం, కొనడం, చోటు - ఈ మూడింటిలో ఒకటి రాయండి. కొనే మాటల్లో పోటీ తక్కువగా ఉన్న మూడింటికి గుర్తు పెట్టండి. ఆ మూడే మీ మొదటి మూడు పేజీలు. సైట్ నడుపుతున్న పూర్వ విద్యార్థులు ఈ పట్టికలు చూసి దిద్దిపెట్టగలిగితే, దళారి చేతిలోకి పోయే రూపాయిలో కొంతైనా చేసినవారి ఇంటికి చేరుతుంది.